తాతగారి కారులో రాజమల్లు కాక ఊరేగింపు

మనిషి పరువు పోవడానికి సాధారణంగా కొన్నేళ్ళు పడుతుంది. నాది పదేళ్ళ కిందట, బొగ్గుగని కార్మికుల సెంటినరీ కాలనీలో, మొదటి మలుపు నుంచి మూడో మలుపు లోపల పోయింది. ఎలాగో చెబుతాను. నవ్వండి, కాని కాస్త మర్యాదగా నవ్వండి. మాది దొరల వంశం.

ఆ వంశానికి భూములు పోయాయి, కోటలాంటి గడీ కూలింది. మిగిలినవి రెండే: నా నిటారు వెన్నెముక, తాతగారి నల్ల కారు. నేను బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తాను. అయినా ఆ కారులో డ్యూటీకి వెళ్తే గేటు దగ్గర "దొరొచ్చిండు" అనేవారు. అందులో గౌరవమెంతో, వెక్కిరింతెంతో నేనెన్నడూ తూచలేదు.

మా దగ్గర రిటైరైన మనిషిని చివరి షిఫ్టు రోజు దండలేసి, డప్పులతో, పూలు కట్టిన కారులో క్వార్టరు దాకా ఊరేగిస్తారు. బాయిలోకి గాలి పంపే ఫ్యాను నడిపే రాజమల్లు కాక నన్నే అడిగాడు.

"దొరా, నీ కార్లనే ఇంటికొస్తనని మా ఇంటిదానికి మాటిచ్చిన. నడుసుకుంట పోతే కాలనీల ఇజ్జత్ పోతది."

ఒప్పుకున్నాను. చిక్కల్లా ఐడ్లింగ్‌తోనే, అంటే కాలు తీసినా ఇంజన్ ఆగకుండా తిరగడంతోనే. ఆక్సిలరేటర్ మీద కాలుంటే కారు పరిగెత్తేది. కాలు తీస్తే దగ్గు, నల్ల పొగ, మరణం. ఊరేగింపేమో తాబేలు నడక!

"మెకానిక్‌కు సూపెట్టరాదు?" అన్నాడు కాక.

"మా కారు మీద బయటివాడి చెయ్యి పడదు."

నేనే వైద్యానికి దిగాను. ప్లగ్గులు తుడిచాను. బ్యాటరీకి నమస్కరించాను. చివరికి ఐడ్లింగ్ పెంచే స్క్రూ కనిపించింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నేను రోకలికి బదులు స్క్రూడ్రైవర్ పట్టి, ఆ స్క్రూ ఇక తిరగనని మొరాయించేదాకా తిప్పాను. రోగి దగ్గుతూనే లేచి కూర్చున్నాడు.

ఊరేగింపులో మొదటి మలుపుకే కారు ఆగింది. డప్పులు ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"ఏంది దొరా, దీనికి గూడ షిఫ్టు అయిపోయిందా?" అన్నారెవరో.

మూడోసారి ఆగాక కాక దండలతోనే దిగి బానెట్ ఎత్తాడు.

"దీనికి ఊపిరాడ్త లేదు. ముప్పై ఆరేండ్లు బాయిలకు గాలి పంపినోన్ని, నాకెరుక లేదా?"

ఇంజన్‌కు గాలి పోయే డబ్బా మూత తీశాడు. లోపల నాలుగు మడతల పట్టుగుడ్డ, బొగ్గుపొడి తిని తారుముద్దయింది.

"గిదేంది దొరా?"

"తాతగారి ఉత్తరీయం. బొగ్గుధూళి లోపలికి పోకుండా నేనే..."

"దుమ్ముతోని గాలి గూడ బంద్ జేసినవ్! ముక్కు, నోరు కట్టేసి ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతది?"

గుడ్డ లాగేసి బానెట్ మూశాడు. నేను తాళం తిప్పాను. గాలి తగలగానే, చివరిదాకా తిప్పిన ఆ స్క్రూ తన ప్రతాపం చూపింది. కాలు పెట్టకముందే ఇంజన్ గాండ్రించింది. వెనక తలుపు తెరిచి మూసిన చప్పుడైంది. కాక ఎక్కాడు కదా అని గేరు వేశాను.

డప్పులవాళ్ళు చెరో పక్కకు దూకారు. "ఆగు దొరా, ఆగు!" అని వెనక కేకలు. జేజేలనుకున్నాను. వెనక చూసే అద్దాన్ని బంతిపూలు కప్పేశాయి. మెడ తిప్పి వెనక్కి చూడడం మా ఇంటా వంటా లేదు.

"చూశావా కాకా, దొర బండంటే ఇదీ!"

కాక మైమరచి వింటున్నాడనుకుని, తాతగారి పులివేట కథ ఎత్తుకున్నాను. పులి చచ్చేసరికి క్వార్టరు వచ్చేసింది.

కారు కనబడగానే పటాకుల లడి అంటించారు. చెవులు చిల్లులు పడ్డాయి. కాక భార్య లచ్చవ్వ హారతి పళ్ళెంతో వచ్చి వెనక సీటులోకి వంగింది. అక్కడ మూడు దండలున్నాయి. మెడ లేదు.

"మా ఆయనేడి?"

అప్పుడు తిరిగి చూశాను.

"ముప్పై ఆరేండ్లు పనిజేసినోన్ని తొవ్వల ఇడిసిపెట్టి, నువ్వు రిటైరై వచ్చినవా దొరా?" అంది లచ్చవ్వ.

కాసేపటికి డప్పులు వినిపించాయి. తోటి కార్మికులు కాకను భుజాల మీద మోసుకొస్తున్నారు. గ్రీసు చేతులు కడుక్కుందామని దండలు సీటులో పెట్టి తలుపేశాడట.

"నడిసి రాలే, సూస్కో!" అని పైనుంచే భార్యకు చెప్పాడు. "కార్ల కూసుంటే నా మోకాళ్ళే కనబడ్డయి. గీ భుజాల మీదినుంచి కాలనీ మొత్తం కనబడ్తాంది." తర్వాత చుట్టూ చూశాడు. "మరి పటాకులేవే?"

"దొరకు కాల్చినం," అంది లచ్చవ్వ.

ఆ కాలిన కాగితాల సాక్షిగా అక్కడే ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మళ్ళీ స్క్రూడ్రైవర్ ముట్టను, వెనక సీటులోని మనిషిని చేత్తో తడిమి చూడనిదే గేరు వేయను. నా పూర్వీకులు మన్నింతురు గాక.