జేబులో చెయ్యి

ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్ కోచ్ మైదానం పక్కన నిలబడితే, పళ్ల సందున పుల్ల ఆడించడమే తప్ప పెదవి విప్పడు. టోపీ తీస్తే వెనక కాపు కాసే నలుగురూ, ఎదుటివాడు ఆఫ్‌సైడ్‌లో చిక్కేలా, ఒక్క వరసగా ముందుకు జరగాలి. జేబులో చెయ్యి పెడితే ఆగాలి. ఆ నలుగురిలో పదకొండేళ్లుగా ఆ సైగలమీదే బతికినవాడు బక్కన్న. "ఈ ఒక్క ఏడాది జట్టులో ఉండనివ్వండి సార్" అని బతిమాలుకున్నాడు కూడా. కోచ్‌కేమో ఆ చోటు తన బావమరిదికి కావాలి, ఆ సంగతి జట్టంతటికీ తెలుసు. మ్యాచ్ రోజు ఉదయం మిగతా ముగ్గురినీ పిలిచి సైగలు తారుమారు చేశాడు. "బక్కన్నకి నేను చెప్తాలే, మీరు నోరు మూసుకోండి" అన్నాడు. చెప్పలేదు. ఆటలో జేబులో చెయ్యి పెట్టాడు. ముగ్గురూ ముందుకు ఉరికారు, బక్కన్న కొయ్యలా ఆగిపోయాడు. అతను వెనకుండబట్టి ఆఫ్‌సైడ్ తప్పించుకున్న ఎదుటి జట్టువాడు తీరిగ్గా గోల్ కొట్టాడు. "వయసైపోయిందిరా, సైగ కూడా కంటికి ఆనడం లేదు నీకు" అన్నాడు కోచ్, అందరికీ వినపడేలా. ముగ్గురూ బూట్ల తాళ్లమీదకి వంగారు. బక్కన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు నాదే సార్. మీ బావమరిదికి సైగలన్నీ నేనే నేర్పించి పోతాను."