నిన్నటి సంగతే అడిగే సంధ్యారాణి

సూరత్ దగ్గర జోల్వాలోని ఆ మరమగ్గాల షెడ్డులో మేనేజరుకు ఎదురు చెప్పి నెగ్గిన మనిషిని గంగవ్వ పదహారేళ్లలో ఒక్కరినే చూసింది. ఆ మనిషి సంధ్యారాణి. నిలబడితే గంగవ్వ భుజం దాకా కూడా రాదు.

ఆ రోజు సంధ్యారాణి ప్రశ్నల కాగితాలు పట్టుకుని కార్మికులతో మాట్లాడటానికి వచ్చింది. మేనేజరు తన గదిలోనే కుర్చీలు వేయించి, ఒకదాంట్లో తానూ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. బయట ఉండమంటే కదలడు. మనుషులు తనవాళ్లట, తన ముందు చెప్పుకోలేని మాట వాళ్లకు ఏముంటుందట. అన్నం డబ్బాలు దించడానికి వచ్చిన గంగవ్వ గుమ్మం దగ్గరే ఆగింది, తమాషా చూద్దామని. ఈ పిల్ల ఇక కళ్లనీళ్లు పెట్టుకుంటుందని ఆమె లెక్క.

సంధ్యారాణి గొంతు కూడా పెంచలేదు. పెన్ను తీసి మొదటి కాగితం మీద హిందీలో ఒక లైను రాసి అతని వైపు తిప్పింది.

"మీరు కూర్చోండి సాబ్. జవాబు చెప్పేటప్పుడు మేనేజరు పక్కనే ఉన్నాడని ప్రతి కాగితం మీదా రాస్తాను. ఆ జవాబుకు ఎంత విలువ ఇవ్వాలో చదివేవాళ్లు చూసుకుంటారు."

మేనేజరు ఆ లైను రెండుసార్లు చదివాడు. చాయ్ తాగొస్తానని లేచి, సాయంత్రం దాకా తిరిగి రాలేదు.

ఎవరైనా నలుగురికి మేలు చేస్తామని ఒక పని మొదలుపెడితే, ఆ మేలు నిజంగా జరిగిందా లేదా అని చూసి చెప్పడం సంధ్యారాణి ఉద్యోగం. గంగవ్వకు మొదట అది ఉద్యోగంలాగే అనిపించలేదు. వాడకట్టు ఆడవాళ్లంతా జీతం లేకుండా చేస్తున్న పనే కదా.

సంధ్యారాణి తండ్రి సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సూరత్‌లో మగ్గాలు నడిపినవాడే. ఆమె ఇక్కడే పుట్టింది, తెలుగు బడిలో చదివింది. లెక్క పెడితే గుజరాతీ, కోపమొస్తే హిందీ, ఆకలేస్తే తెలుగు. ఆ ఆకలి మూలంగానే గంగవ్వ మెస్‌లో రోజూ మధ్యాహ్నం తినడం మొదలుపెట్టింది. తింటూ తింటూ ఒక పాత నోటుబుక్కులో ఏదో రాసుకునేది. గంగవ్వ రెండో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుని చదవగలదు కానీ, తనకు చదవడం రాదని ఎవరైనా అనుకుంటారేమోనని అడగలేక అడిగింది.

"ఏంది బిడ్డా, రోజూ గంత రాస్తవ్?"

"నా తప్పులు, పెద్దమ్మా."

"తప్పులు చేసుకుంట రాసుకుంట తిరిగితే జీతమిస్తరా నీకు? మా కాలంల గా ఉద్యోగం ఉంటే నేను పెద్ద ఆఫీసర్నయితుంటి."

సంధ్యారాణి నవ్వి మొదటి పేజీ చదివి వినిపించింది. పక్క ఊరు కామ్‌రేజ్‌లో కొత్తగా పనిలో చేరినప్పుడు, కుట్టు క్లాసు వల్ల కోడళ్లకు ఏం లాభమైందో కోడళ్లనే అడిగింది. అయితే అత్తలు పక్కనే ఉన్నారు. నలభై ఇళ్లలో జవాబులన్నీ ఒక్క గొంతులా వచ్చాయి, ఆ గొంతు అత్తలది. కాగితాలన్నీ చించేసి మళ్లీ మొదటి నుంచి తిరిగింది. "ఏమడిగినం అన్నది ఒకటే గాదు పెద్దమ్మా, పక్కన ఎవలున్నరు అన్నది గూడ చూసుకోవాలె" అంది.

ఈసారి ఆమె చూడవలసింది బూచుల సంగతి. మగ్గాల చప్పుడుకు చెవులు పోతున్నాయని ఒక ట్రస్టువాళ్లు షెడ్డులో అందరికీ రబ్బరు బిరడాలు పంచారు. చెవుల్లో పెట్టుకునే ఆ బిరడాలనే జోల్వాలో మనవాళ్లు బూచులంటారు. వాటితో పాటు నెలకొకసారి చెవి డాక్టరును కూడా పంపేవారు. ఏడాది నిండింది. ఇక ముందు నడపాలా వద్దా అనేది సంధ్యారాణి రాసే రిపోర్టు మీద ఉంది.

అక్కడే మగ్గాలు నడిపే గంగవ్వ కొడుకు గణపతికి ఎడమ చెవిలో రాత్రింబవళ్లు ఈల మోగుతుంది. ఆ డాక్టరు చేతిలో పడ్డాకే కాస్త నయమవుతోంది. డాక్టరు రావడం ఆగిపోతుందేమోనని గంగవ్వ దిగులు. అందుకని సంధ్యారాణి అడగడానికి వచ్చే ముందురోజే అన్నాలు వడ్డిస్తూ అందరికీ గట్టిగా చెప్పింది. "గా పిల్ల అడిగితే, రోజూ పెట్టుకుంటున్నం అనున్రి. ఎవడన్న ఎదురు మాట్లాడితే రేపటి సంది వాని పళ్లెంల చారు నీళ్లే."

పొద్దున పదకొండింటికి, రాత్రి పాళీ చేసినవాళ్లు నిద్ర లేచే వేళకు సంధ్యారాణి వాళ్ల గదికి వచ్చింది. మొదట మొండయ్యను పట్టుకుంది. గంగవ్వ గ్లాసులు కడిగే నెపంతో అక్కడే కూర్చుంది.

"నిన్న పెట్టుకున్నవా మామా?"

"రోజూ పెట్టుకుంటం."

"రోజూ సంగతి కాదు మామా, నిన్నటిది చెప్పు. ఎన్ని గంటలకు పెట్టినవ్, ఎప్పుడు తీసినవ్?"

మొండయ్య గంగవ్వ వైపు చూశాడు. ఈ ప్రశ్నకు జవాబు ఆమె నేర్పలేదు. "పొద్దుగాల ఏడింటికి పెట్టిన, పదకొండింటికి తీసిన" అన్నాడు.

"ఏవీ, జర చూపియ్యి."

మొండయ్య లేచి నేరుగా పరుపు దగ్గరికి నడిచాడు. బూచులు దిండు కింద ఉన్నాయి. రెండోవాడివీ దిండు కిందే. పనికి తీసుకెళ్లేలా చొక్కా జేబులో పెట్టుకున్నవాడు పదిమందిలో ఒక్కడూ లేడు. పాళీ దిగొచ్చి పగలు పడుకుంటే గోడ అవతలి మగ్గాల మోత నిద్ర పట్టనివ్వదు. బూచులు దానికి పనికొస్తున్నాయి.

"మరి సాంచా కాడ?" అని మగ్గం దగ్గరి సంగతి అడిగింది సంధ్యారాణి.

"అక్కడ పెట్టుకుంటే ఎట్ల బిడ్డా" అన్నాడు మొండయ్య. "ఎనిమిది సాంచాలు నడుపుతం. ఏ సాంచాల దారం తెగిందో కంటికంటె ముందు చెవికే ఎరుకయితది. చెవి మూసుకుంటే బట్ట ఖరాబయితది, సేఠ్ తోలు తీస్తడు."

సంధ్యారాణి కాగితం పక్కన పెట్టి గంగవ్వ వైపు తిరిగింది. "రోజూ పెట్టుకుంటున్నం అని చెప్పుమన్నది ఎవలు పెద్దమ్మా?"

"నేనే" అంది గంగవ్వ. భయపడి దాచిపెట్టడం ఆమె ఒంట్లో లేదు. "డాక్టర్ రాకుంటే నా కొడుకు చెవి పోతది. నీ కాగితానిదేం పోతది?"

"పెట్టుకుంటున్నరని రాసిననుకో. బూచులతోనే పని అయింది, ఇగ డాక్టర్ ఎందుకంటరు. ఇంకో డబ్బా బూచులు పంపి ఆయనను బంద్ చేస్తరు. అప్పుడు గణపతన్న ఏం గావాలె?"

ఈ సంగతి గంగవ్వకు తోచలేదు. తోచలేదని ఒప్పుకోవడం ఆమెకు చేతకాదు గనక, కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

సంధ్యారాణి తప్పుల పుస్తకం తెరిచింది. "తప్పు నీదొక్కదానిదే కాదు. పెట్టుకుంటున్నరా అని రాసుకొచ్చిన గని, ఎందుకు పెట్టుకుంటలేరు అన్న ప్రశ్న నా కాగితంల లేనే లేదు. ముందుగాల ఇద్దరు ముగ్గురిని అడిగి చూసి, అటెన్క కాగితం తయారు చేసుకోవలసింది." రాయడం అయ్యాక గంగవ్వ పక్కనే గచ్చు మీద చతికిలబడింది.

"దారం తెగిన చప్పుడు వినబడేటట్టు, మోత మాత్రం తగ్గించే బూచులు వేరే రకం దొరుకుతయేమో ట్రస్టోళ్లను చూడుమంట. డాక్టర్‌ను ఆపొద్దని రాస్త. వాళ్లు నమ్ముతరో లేదో చెప్పలేను."

"నమ్మకుంటే?"

"అందుకే నిన్నొకటి అడుగుత. గురువారం సూరత్ శహర్ల ట్రస్టోళ్ల మీటింగ్ ఉన్నది, నాతోని రా. ‘అబద్ధం చెప్పుమన్నది నేనే, గిందుకు చెప్పుమన్న’ అని వాళ్ల ముందట నువ్వే చెప్పాలె. గణపతన్న చెవి సంగతి గూడ చెప్పు. నా నోటి నుంచి వస్తే అది రిపోర్టుల ఒక లైన్ అయితది, అంతే. నువ్వు చెప్తే కన్నతల్లి మాటయితది. వస్తవా పెద్దమ్మా?"