డబ్బు వద్దన్న మిషన్లక్క

వీధిలో అందరూ ఆవిడను మిషన్లక్క అంటారు. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళూ అక్కనే అంటారు. అదేం వరసో అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. మూలపడిన కుట్టుమిషన్లు చవగ్గా కొని, విప్పి, తుడిచి, నూనె పెట్టి, అరిగిన చక్రాలు మార్చి, మళ్ళీ కుట్టేలా చేసి, ఫోన్లో వేలం సైటులో పెట్టి అమ్ముతుంది. ఇంట్లో ముందు గదే దుకాణం. కిటికీ పక్క బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక మిషన్ పొట్ట విప్పుకుని పడుంటుంది. కొన్నవాళ్ళ బండి దాకా మిషన్ మోసుకెళ్ళడం భర్త పని. ఆయన ఏదో పెద్ద భవనంలో లిఫ్ట్ నడిపి రిటైరయ్యాడు. ఉద్యోగంలో తనంత పైకెళ్ళినవాడు లేడని, అన్నిసార్లు కిందికొచ్చినవాడూ లేడని తనమీద తనే చెప్పుకుని నవ్వుతాడు.

ఆవిడ వ్యాపారంలో అందరికీ వింతగా తోచేది ఒకటుంది. వేలం గెలిచినవాళ్ళు మామూలుగా ఫోన్ నొక్కి డబ్బు పంపించేస్తారు. ఆ డబ్బంటే మిషన్లక్కకు ఒళ్ళు మంట. వ్యాపారం కొత్తలో ఒక పెద్దమనిషి అలాగే డబ్బు పంపి, మిషన్ పార్సిల్లో తెప్పించుకుని, అది కుట్టడంలేదని ఫిర్యాదు చేశాడు. చెల్లింపుల కంపెనీ ఆవిడను ఒక్క ముక్క అడక్కుండా డబ్బు వెనక్కి లాగేసుకుంది. మిషనూ తిరిగి రాలేదు. డబ్బు పోయినందుకు కాదు, కుట్టని మిషన్ అంటగట్టిందన్న మాటకు ఆవిడ కడుపు రగిలిపోయింది. అప్పట్నుంచి ప్రతి ప్రకటన కిందా రాస్తోంది: ఆన్‌లైన్ డబ్బు తీసుకోను, పార్సిల్ పంపను, మీరే వచ్చి కుట్టి చూసుకుని, డబ్బు చేతికిచ్చి తీసుకెళ్ళండి.

అదెవరు చదువుతారు? గెలిచిన హుషారులో టకటకా నొక్కేస్తారు. సైటులో అలా వచ్చిన డబ్బు వద్దనడానికి ఒక మీట ఉంది. అది నొక్కితే డబ్బు పంపినవాళ్ళకే తిరిగిపోతుంది. అమ్మకం మాత్రం రద్దు కాదు, ఇంకో దారిలో డబ్బు ఇచ్చుకోవాలి. ఆ మీట నొక్కేటప్పుడు ఆవిడ ముఖంలో కనిపించే తృప్తి చూసి తీరాలి.

"ఇంటికొచ్చిన డబ్బుని పొమ్మనే మనిషిని నిన్నే చూశాను" అన్నాడు భర్త ఒకసారి.

"వచ్చి వెళ్ళిపోయేదాన్ని డబ్బనరండీ, చుట్టమంటారు" అంది ఆవిడ.

చుట్టాల మాటొస్తే, ఆవిడకు ఒక చెల్లెలుంది. ఒకే ఊళ్ళో ఉంటూ ఏళ్ళ తరబడి మాటల్లేవు. వీళ్ళ నాన్న కూడా మిషన్లు బాగుచేసేవాడు. పని అక్క నేర్చుకుంది, చెల్లెలికి ఆ నూనె వాసనే పడేది కాదు. నాన్న పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ చెల్లెలు ఒక తుప్పు పట్టిన రేకు పెట్టెను పాతసామాన్లవాడి బండిలో వేసేసింది. పెట్టెలో ఉన్నవి ఆయన స్క్రూడ్రైవర్లు. ఏ మిషన్ స్క్రూకి ఎంత మొన కావాలో చూసుకుని, ఆయన స్వయంగా ఆకురాయితో అరగదీసి తయారుచేసుకున్నవి. అక్క పాతసామాన్ల కొట్లన్నీ గాలించింది. దొరకలేదు.

"మళ్ళీ నా గడప తొక్కకు" అంది చెల్లెలితో.

చెల్లెలు తొక్కలేదు. కోపంలో అన్న మాట కోపంతోనే పోవాలి, కానీ అన్నది అక్క, విన్నది చెల్లెలు. నాన్న ఆస్తిలో ఇద్దరికీ సమంగా వచ్చింది పౌరుషం ఒక్కటే.

ఇక అక్కకు తెలియనిది మనం ముందే తెలుసుకోవచ్చు. ఆ చలికాలం బల్ల మీదున్న నల్లటి చేతిమిషన్ను వేలంలో గెలిచింది ఆ చెల్లెలే. వానపిచ్చుక అని మారుపేరు పెట్టుకుంది. ఆవిడకు కుట్టడం రాదు, మిషన్ అవసరమూ లేదు. అక్క చేతిపని ఒకటి ఇంట్లో ఉంటే బాగుండునని బెంగ. గడప తొక్కకుండా అది తన ఇంటికి రావాలంటే డబ్బు పంపి పార్సిల్ అడగడం తప్ప దారి లేదు.

డబ్బు వచ్చింది. మిషన్లక్క ఒక చేత్తో టీ తాగుతూ రెండో చేత్తో వద్దంది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఈసారి కింద ఒక ముక్క కూడా ఉంది: నేను రాలేను, పార్సిల్ ఖర్చు కలిపాను, దయచేసి పంపండి. మళ్ళీ వద్దంది. అయినా ఆ వానపిచ్చుక వదల్లేదు.

"పాపం, కాళ్ళు బాగాలేని మనిషేమో" అన్నాడు భర్త.

"అందుకే కాబోలు చేతిమిషన్ కొన్నారు. తీసుకెళ్ళడానికి ఎవర్నైనా పంపొచ్చుగా."

"ఈ ఒక్కసారికి తీసుకోవోయ్."

"ఒక్కసారి తీసుకునేగా నెత్తిన గుడ్డేసుకున్నాను."

అలా అందే గాని ఆవిడకు మనసు కుదుటపడలేదు. నిజంగానే లేవలేని మనిషైతే? డబ్బు మాత్రం ససేమిరా తీసుకోదు. అందుకని ఆ పూట తనే కూర్చుని వానపిచ్చుకకు రాసింది: మీరెవరైనా సరే, ఎప్పుడొచ్చినా సరే, రండి. మీకోసం ఈ మిషన్ పక్కన పెట్టి ఉంచుతాను. మెట్లెక్కలేకపోతే వీధిలోనుంచి పిలవండి, నేనే వచ్చి చెయ్యిచ్చి తీసుకొస్తాను.

రెండురోజులకు, మధ్యాహ్నం, గుమ్మం బయట ఎవరో వచ్చి నిలబడ్డారు. మిషన్లక్క తలెత్తలేదు, సూది బిగిస్తోంది.

"మిషన్ కోసమేనా? లోపలికి రండి."

వచ్చిన మనిషి కదల్లేదు. అప్పుడు తలెత్తి చూసింది. చెల్లెలి జుట్టు సగం నెరిసిపోయింది. చేతిలో ఫోన్ ఉంది.

"వానపిచ్చుకను నేనేనక్కా" అంది చెల్లెలు.

భర్త కుర్చీలోంచి లేచాడు. లోపలికి వెళ్ళాలో, ఉండాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

"ఆ డబ్బంతా పంపింది నువ్వా?"

"నేనే. నువ్వు వద్దన్న ప్రతిసారీ, నేనని కనిపెట్టే వద్దంటున్నావనుకున్నాను. మొన్న నువ్వు రాసింది చూశాక తెలిసింది, నీకు తెలీదని."

మిషన్లక్కకు అన్నిసార్లు ఆ మీట ఎంత సరదాగా నొక్కిందో గుర్తొచ్చి సిగ్గేసింది.

"నువ్వని తెలిస్తే తీసుకునేదాన్నే."

"నేనని తెలిస్తే రమ్మని రాసేదానివి కాదు" అంది చెల్లెలు. నిష్ఠూరంగా కూడా కాదు, మామూలుగానే అంది.

కాదనడానికి మిషన్లక్క నోరు తెరిచింది. అబద్ధం రాలేదు.

"అవును" అంది చివరికి. "రాసేదాన్ని కాదు."

ఆ మాట తన చెవినపడ్డాక ఆవిడకు భయమేసింది. పేరొక్కటి తెలిసుంటే ఈ మనిషి ఈ జన్మకు ఇక్కడికి వచ్చేది కాదు. తనూ పిలిచేది కాదు. నూనె చేతులు చీరకు తుడుచుకుంటూ లేచి, తడబడుతూ గుమ్మం దాకా వెళ్ళింది.

చెల్లెలు ఇంకా బయటే ఉంది. కింద గడప వైపు చూసి, మెల్లగా అడిగింది.

"తొక్కనా?"

మిషన్లక్క ఏడుస్తూ చెయ్యి చాపింది.