గాజుల దుకాణాల వీధిలో

బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్ళినప్పుడు, మా ఐదేళ్ళ పాపతో గాజుల దుకాణాల వీధి తిరిగి జిలేబీ తినడం అప్పట్లో నాకు అలవాటు. ఎనభైల్లో ఒక సాయంత్రం జిలేబీ పొట్లం అందుకుని వెనక్కి తిరిగేసరికి పాప లేదు. పేరు పెట్టి అరుస్తూ పరుగెత్తబోయాను.

కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వస్తున్న ఒక ముసలమ్మ, ఖాళీ చేట చంకన పెట్టుకుని, నా చొక్కా పట్టి ఆపింది.

“ఉరుకకు కొడుకా! బిడ్డ మర్లి గీడికే వస్తది. నువ్వు లేకుంటే ఎట్ల?”

పాప ఏం తొడుక్కుందో నన్నడిగి, “ఎర్ర గౌను పిల్ల!” అని ఆమె కేకేసింది. దుకాణదారులు ఆ కేకను ఒకరి నుంచి ఒకరికి వీధి చివరిదాకా అందించారు. అంతసేపూ ఆమె నా చొక్కా వదల్లేదు.

చివరికి ఒక గాజులాయన పాపను ఎత్తుకొచ్చాడు. భయం తీరక నేను పాపను గట్టిగా హత్తుకోవడం ముసలమ్మ చూసింది.

“మీ బాపు శాన బుగులు వడ్డడు బిడ్డా. ఆయన చెయ్యి నువ్వే వట్టుకో.”

బస్టాండుదాకా పాప నా వేలు పట్టుకుని ముందు నడిచింది. నేను వెనక నడిచాను.