ముప్పై రెండు ప్రశ్నలు, ముప్పై అయిదు జవాబులు

దెయ్యాల గురించి ఎవరైనా చెబుతుంటే, ఎంతమంది చూశారు, అప్పుడే ఎవరైనా రాసిపెట్టారా అని అడిగే రకం నేను. రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. మా ఇంట్లో జాతకాలు చూడరు. నాకు కలలు కూడా పెద్దగా రావు. ఈ మాట ముందే ఎందుకంటే, కింద రాసింది చదివి నేనేదో ఊహల్లో బతికే మనిషినని అనుకోవద్దని.

ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ చేశాను. నా అంశం కడియం నర్సరీలు. మొక్కలు అమ్ముకోవడానికి అక్కడ ఫోన్‌లో ఒక యాప్ వచ్చింది. బయటి రాష్ట్రాల వాళ్లు అందులో ఆర్డర్ పెడితే, నర్సరీ వాళ్లు ఒప్పుకుని మొక్కలు పంపాలి. చాలామంది సరదాపడి పెట్టుకున్నారు. రెండు మూడు నెలలకే మానేశారు. ఫోన్ వాడటం రాక కాదు, నాకంటే బాగా వాడతారు. మరెందుకు మానేసినట్టు? నా పరిశోధనంతా ఆ ఒక్క ముక్క గురించే.

ముప్పై రెండు ప్రశ్నలతో కాగితాలు అచ్చేయించి, ఒక వేసవంతా స్కూటీ మీద నర్సరీల వెంట తిరిగాను. యాప్ సులువుగా ఉందా, ఉపయోగపడిందా, ఇలాంటి ప్రశ్నలు. ప్రతిదానికీ ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె వేయాలి, అంతే.

సత్యవతి గారిది గులాబీ అంట్లు, క్రోటన్లు పెంచే చిన్న నర్సరీ. యాభై దాటిన మనిషి. "నాకు రాయడం వచ్చండి, మీరలా నీడలో కూర్చోండి" అని కాగితాలు తీసుకుని ఆవిడే నింపారు. నేను ఎదురుగా, బోర్లించిన కుండీ మీద కూర్చుని ఆవిడిచ్చిన మజ్జిగ తాగాను. పావుగంటలో కాగితాలు తిరిగి ఇచ్చేశారు.

ఏ రోజు కాగితాలు ఆ రోజే ఇంటికొచ్చి ఫోన్‌తో ఫొటో తీసుకోవడం నా అలవాటు. ఆవిడ చివరి పేజీలో ముప్పై రెండో ప్రశ్న కింద, ఖాళీ జాగాలో మూడు వరసలు కనిపించాయి.

33. లారీ డ్రైవరుకి.
34. వదిలేస్తాం.
35. సాయంత్రం దాకా చూస్తాం.

నేను అడగని ప్రశ్నలకు జవాబులేమిటో అర్థం కాలేదు. ఏదో సొంత పని గుర్తుకు రాసుకుని ఉంటారనుకుని ఫొటో తీసి, ఆ సంగతి మర్చిపోయాను.

వర్షాకాలం వచ్చేసరికి లెక్కలు కట్టడం పూర్తయింది. ఫలితం సున్నా. యాప్ సులువే అన్నవాళ్లూ మానేశారు, కష్టమన్నవాళ్లూ మానేశారు. కాకినాడలో ఉండే మా గైడ్ గారు షీటు చూసి, "ఇందులో ఏమీ లేదమ్మా" అన్నారు. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు దగ్గరపడింది. వదిలేద్దామని మా ఆయనతో కూడా చెప్పేశాను.

వారం తిరక్కుండా గైడ్ గారు రమ్మని ఫోన్ చేశారు. వెళ్లగానే కూర్చోమని కూడా అనలేదు.

"పొద్దున బస్సులో వస్తుంటే తట్టాయమ్మా. ఇంకో మూడు ప్రశ్నలు కలుపు. అంకెలు వేయించకు, వాళ్ల మాటల్లో చెప్పనివ్వు. రాసుకో. ముప్పై మూడు, యాప్‌లో ఆర్డర్ రాగానే మీరు ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? ముప్పై నాలుగు, ఆయన వద్దంటే ఆ ఆర్డర్ ఏం చేస్తారు? ముప్పై అయిదు, ఆయన ఫోన్ ఎత్తకపోతే ఎంతసేపు చూస్తారు?"

మూడోది రాస్తుండగా సత్యవతి గారి కాగితం కింద ఉన్న మూడు వరసలు గుర్తొచ్చాయి. ఫోన్‌లో వెతికి ఆ ఫొటో ఆయన ముందు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "ఇదెప్పటిది?"

"వేసవిలోదండి. తేదీ పైనే ఉంది చూడండి."

"ఈ కాగితాలు నాకెప్పుడైనా చూపించావా?"

"లేదండి. అంకెలున్న షీటొక్కటే పంపాను."

ఆయన లేచి గదిలో అటూ ఇటూ తిరిగారు. భయపడ్డారనుకున్నాను. కాదు, ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "దీని సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వు కడియం వెళ్లు!"

మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను. ఫొటో సంగతి ఎవరికీ చెప్పకుండా ఆ మూడు ప్రశ్నలే అడిగాను. మొదట అడిగిన పెద్దాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"లారీ డ్రైవరుకేనండి. ఆ ఊళ్లో కొనేవాడు ఎలాంటోడో ఆయనకే కదండీ తెలిసేది. మొక్కలు దింపాక డబ్బుల దగ్గర మాట మార్చేవాళ్లుంటారు. యాప్‌లో అయితే బండి ఆ యాప్ వాళ్లే పంపుతారు. ఆ డ్రైవరెవరో మనకి తెలీదు. మనకి తెలిసిన డ్రైవరుని కాక ఇంకెవర్ని అడుగుతామండి?"

మధ్యాహ్నానికి అయిదుగురు అదే మాట వేరు వేరుగా చెప్పారు. నా రెండేళ్ల చిక్కు ఒక్క పూటలో విడిపోయింది. కొనేవాడికి పూచీపడే డ్రైవరు యాప్‌లో లేడు, అందుకే మానేశారు. మొక్కలు ఎక్కిస్తున్న లారీల పక్కన నిలబడి గైడ్ గారికి ఫోన్‌లో కేకలేస్తూ చెప్పాను. లోడింగ్ చేసేవాళ్లు పని ఆపి నన్నే చూశారు.

అక్కణ్నుంచి నేరుగా సత్యవతి గారి దగ్గరికి వెళ్లాను. అసలు కాగితమే చేతికిచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"రాత నాదేనండి," అన్నారు. "కానీ ఇది నేను రాయలేదండి. మీరు అడగందే నేనెందుకు రాస్తానండీ?"

గైడ్ గారి ప్రశ్నలు చదివి వినిపించాను. ఆవిడ కాగితం వంక, నా వంక చూశారు. "ఇప్పుడడిగినా ఇవే చెబుతానండి," అన్నారు మెల్లగా.

స్టాటిస్టిక్స్ చెప్పే మా కొలీగ్‌కి అంతా చూపించాను. "లారీ డ్రైవరంటే కడియంలో ఎవరైనా చెప్పే మాటే, వింతేం లేదు" అన్నాడు. మరి ఆ వరస? ఆ నంబర్లు? అతను ఫొటో మీది తేదీ మళ్లీ చూశాడు. ఆ జవాబుల్ని నేనే మాటల్లో గైడ్ గారి చెవిన వేశానేమోనని కూడా ఆలోచించాను. నాకే గుర్తులేని విషయం ఆయనకెలా చెబుతాను?

ఆ ఒక్క కాగితాన్ని లెక్కలోంచి తీసేసి, మిగతా అందర్నీ మళ్లీ అడిగి థీసిస్ రాశాను. వైవా రోజున బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు పేజీలు తిప్పుతూ ఆగారు. "మీ పనికి ప్రాణం ఈ చివరి మూడు ప్రశ్నలేనమ్మా. ఇవి మీకెలా దొరికాయి?"

గైడ్ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

"ఫీల్డ్‌లో దొరికాయండి," అన్నాను.

అందరూ మెచ్చుకోలుగా తల ఊపారు. నాకు డాక్టరేట్ వచ్చింది. ఆ ప్రొఫెసర్ గారు అడిగినదానికి అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.