కుడిచేతి వంతు

స్ట్రోక్ వచ్చి వెళ్ళాక నాకు మిగిల్చిన నష్టం కుడిచేతి మూడు వేళ్ళు. నడక తిరిగొచ్చింది. మాట తిరిగొచ్చింది, మా ఆయన లెక్కలో ఇదివరకటికన్నా కాస్త ఎక్కువే వచ్చింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రం మాటలు మానేసిన తోడికోడళ్ళలా ఒకే ఇంట్లో ఉంటూ ఒకదాని దగ్గరికి ఒకటి రావు. నేను ముప్ఫయ్యేళ్ళు మత్తు డాక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏ నరం ఎక్కడ దెబ్బతిందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఎవరి ఓదార్పూ నాకు ఎక్కలేదు.

అసలు బాధ అన్నం దగ్గర. ముద్ద కలిపితే వేళ్ళ సందుల్లోంచి జారి ఒళ్ళో పడేది. స్పూన్ పట్టుకుంటే నోటిదాకా వచ్చేలోపు ఒరిగిపోయేది. ఇక మిగిలింది ఎడమచెయ్యి. అమెరికాలో, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో నలభై ఏళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడ ఎవరు ఏ చేత్తో తింటున్నారో ఎవరూ చూడరని తెలుసు. తెలిసినా, ఎడమచేత్తో అన్నం నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ నాకు సిగ్గేసేది. స్నేహితుల ఇళ్ళకి భోజనాలకి వెళ్ళడం మానేశాను. చివరికి మా ఆయన్ని కూడా నా ఎదురుగా తిననివ్వలేదు. "మీ కంచం తీసుకుని టీవీ దగ్గరికి వెళ్ళండి" అనేదాన్ని. ఆయన కంచం తీసుకుని వెళ్ళేవారు. ఆయన టీవీ ముందు, నేను వంటింట్లో గోడ వైపు తిరిగి, నెలల తరబడి అలాగే తిన్నాం.

నా చేతికి ఎక్సర్‌సైజులు చేయించే థెరపిస్టు ముప్ఫై దాటని అమెరికన్ అమ్మాయి. రంగురంగుల మేకులు ఇచ్చి చిల్లుల్లో గుచ్చమనేది. పసిపిల్లల గొంతుల్లో గొట్టాలు దింపిన చెయ్యమ్మా ఇది, దీనిచేత మేకులు గుచ్చిస్తావా అని ఒకరోజు గట్టిగానే అన్నాను. ఆ పిల్ల నొచ్చుకోలేదు. మరుసటి వారం మేకుల డబ్బా బదులు ఒక గుడ్డసంచీ తెచ్చింది. అందులో దారాలున్నాయి.

శని, ఆదివారాల్లో ఈ అమ్మాయి వేరే మనిషట. తనూ తన స్నేహితులూ పదిహేనో శతాబ్దపు యూరప్ బట్టలు చేత్తో కుట్టుకుని, కట్టుకుని, ఆనాటి వంటలు వండుకుంటారట. వీళ్ళకి పనీపాటా లేదా అనుకున్నాను. కానీ ఆ బట్టల సంగతి చెబుతుంటే ఆసక్తి పుట్టింది. అప్పటి మగవాళ్ళ పాంటు నిజానికి పాంటే కాదు. రెండు కాళ్ళకీ రెండు బిగుతు తొడుగులు, వాటిని నడుం చుట్టూ పై కోటుకి తాళ్ళతో కట్టుకోవాలి. ఆడవాళ్ళ గౌనుకి ముందు తాడు, లేదా పక్కన తాడు. కొన్నిటికి చేతులు కూడా విడిగా కుట్టి తాళ్ళతో కట్టేవారట. ఇంట్లో ఎన్ని తాళ్ళున్నా చాలేవి కావు, వాటిని వేళ్ళ మీదే అల్లేవారు.

"మా లంగా బొందులే కదా," అన్నాను. లంగా అంటే ఏమిటో, బొందు అంటే ఏమిటో చెప్పేసరికి ఆ పూట సెషన్ సగం అయిపోయింది.

అల్లిక చెప్పడానికి తేలిక. ఐదు దారాలు, ఐదు ఉచ్చులు. మూడు ఉచ్చులు ఒక చేతి వేళ్ళకి, రెండు రెండో చేతి వేళ్ళకి. ఖాళీగా ఉన్న చూపుడువేలు తన చేతి ఉచ్చుల్లోంచి దూరి, అవతలి చేతి చివరి ఉచ్చుని పట్టి తెచ్చుకోవాలి. రెండు చేతులూ బార చాపి బిగించాలి. తరవాత అవతలి చేతి వంతు. పిల్లలైతే ఐదు నిమిషాల్లో నేర్చుకుంటారని ఆ అమ్మాయి నోరు జారి, నా మొహం చూసి సర్దుకుంది.

మొదటి వారం నేను మోసం చేశాను. కుడిచేతి వేలు ఉచ్చుని పట్టలేక వదిలేస్తుంటే, దాని పని కూడా ఎడమచేత్తోనే కానిచ్చేశాను. మూరెడు తాడు తయారైంది. గర్వంగా తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ అమ్మాయి దాన్ని బల్లమీద పెట్టగానే అది జంతికలా చుట్టుకుపోయింది. ఒక చెయ్యి వంతు ఇంకో చెయ్యి చేస్తే తాడు మెలి తిరుగుతుందట, విప్పి చూడనక్కర్లేకుండానే తెలిసిపోతుందట. నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఆ తాడు చెత్తబుట్టలో పారేసి, కాసేపయ్యాక మళ్ళీ దారాలు తీశాను.

పొడుగు తాడు అల్లాలంటే రెండో మనిషి కావాలి. ఒకరు ఉచ్చులు మారుస్తుంటే, ఇంకొకరు అవతల నిలబడి ప్రతి వరసకీ అల్లిక బిగించాలి. మా ఆయన సివిల్ ఇంజనీరు, జీవితమంతా వంతెనలు కట్టించిన మనిషి. నేను అడక్కుండానే వచ్చి నిలబడ్డారు. రోజూ కాఫీ అయ్యాక ఒక గంట, తాడు కొన వంటింటి తలుపు పిడికి కట్టి, మధ్యలో ఆయన, ఈ చివర నేను.

"కుడి," అనేవారు.

"తెలుసు."

"తెలిస్తే కానీ మరి. ఎంతసేపు నించోవాలి?"

"మీరు బిగించండి. మాట్లాడకండి."

కుడి వేలు ఒక్కోసారి ఉచ్చు దగ్గరికి పోయి అక్కడే ఆలోచిస్తూ ఉండిపోయేది. ఆయన ఆగేవారు. మాటకి అలా అన్నారే గానీ నిజంగా తొందరపెట్టిందీ లేదు, నేను చేస్తానుండు అన్నదీ లేదు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆయన ఇంత ఓపిక ఎక్కడ దాచుకున్నారో నాకు తెలియదు. ముందే కాస్త బయటికి తీసుంటే బాగుండేది.

ఒక గురువారం ఆయన నన్ను వాషింగ్టన్‌లో మ్యూజియంకి తీసుకెళ్ళారు. అంతకుముందు ఎన్నోసార్లు, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలందరినీ వెంటబెట్టుకుని, అక్కడి పాత యూరప్ చిత్రాల గదుల్లోంచి చకచకా నడిచి పోయాం. మేరీమాత, బాలయేసు, బంగారం పూత, మళ్ళీ మేరీమాత. ఈసారి నేను తాళ్ళు వెతుక్కుంటూ చూశాను. ఒక చిత్రంలో తల్లి గౌను ముందరి తాడు వదులు చేసుకుని బిడ్డకి పాలిస్తోంది. ఏ చిల్లులోంచి ఏ చిల్లులోకి పోయిందో చిత్రకారుడు ఓపిగ్గా ఒక్కొక్కటే వేశాడు. ఇంకో దాంట్లో ఓ మూల ఒక పనివాడు నేలమీదికి వంగి ఏదో ఎత్తుతున్నాడు. కాలి తొడుగులు బిగుసుకుపోకుండా వెనకవైపు తాళ్ళు విప్పేసుకున్నాడు, లోపలి తెల్ల లాగు కనిపిస్తోంది. మా ఆయన ఆ చిత్రం ముందు నుంచి ఓ పట్టాన కదల్లేదు.

"ఇతనే కరెక్ట్ మనిషోయ్," అన్నారు. "పని చెయ్యాలంటే సిగ్గు కాస్త పక్కన పెట్టాలి."

నన్ను ఉద్దేశించి అన్నారని అర్థమైంది. నేను పక్క గదిలోకి నడిచాను.

అక్టోబరుకి నా తాళ్ళు తిన్నగా రావడం మొదలుపెట్టాయి. ఆ అమ్మాయి వాళ్ళ బృందం ఏటా ఒక కమ్యూనిటీ హాల్లో విందు చేసుకుంటుంది, అందరి బట్టలకీ తాళ్ళు కావాలి. ఇస్తాను గానీ తినడానికి ఉండను అని ముందే చెప్పాను. మిగిలిన తాళ్ళు ఇచ్చేసి వచ్చేద్దామనే బయల్దేరాం.

హాల్లో వరసగా బల్లలు. గుమ్మం దగ్గర ఒకామె కూజాతో అందరి చేతులమీదా నీళ్ళు పోస్తోంది, పక్కనొకరు తువ్వాలు అందిస్తున్నారు. ఇద్దరికి కలిపి ఒక గిన్నె, కంచం బదులు మందపాటి రొట్టె ముక్క. ఫోర్కులూ స్పూన్లూ లేవు. అప్పట్లో అక్కడ చేత్తోనే తినేవారట. మా థెరపిస్టు నీలం గౌనులో ఎదురొచ్చింది, దాని ముందరి తాడు నేను అల్లి ముందు వారం ఇచ్చింది. అది చూస్తూ గుమ్మం దగ్గర ఒక నిమిషం ఎక్కువ నిలబడిపోయాను. ఆ నిమిషంలోనే బల్లల వైపు చూశాను.

అక్కడ అందరికీ నా చెయ్యే ఉంది. వెల్వెట్ టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, పగలు నెట్‌వర్క్ ఇంజనీరట, బఠాణీ పప్పు అరచేత్తో తోడుకుంటున్నాడు. అది మోచేతి దాకా కారుతోంది. పక్కావిడ గడ్డానికి పప్పు. వేళ్ళెలా పెట్టాలో ఒక్కరికీ తెలియదు, పడేసుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు, మళ్ళీ తింటున్నారు. నేను ఊరుకోలేకపోయాను. దగ్గరికెళ్ళి, అరచేతికి అంటకూడదు, వేళ్ళ చివర్లతో తీసుకుని బొటనవేలితో నోట్లోకి తోయాలి అని చెప్పాను.

అతను జరిగి చోటిచ్చాడు. "చూపించండి," అన్నాడు.

చూపించాలంటే కుడిచెయ్యే కావాలి. కూర్చుని, గిన్నెలో వేళ్ళు పెట్టాను. ఉప్పూ కారం తెలియని ముద్దపప్పు అది. మూడు వేళ్ళూ దగ్గరికి వచ్చాయి, మెల్లగా వచ్చాయి. సగం రొట్టె మీద పడింది, సగం నోట్లోకి వెళ్ళింది. అతను పడిన సగాన్ని చూడలేదు, నా బొటనవేలిని చూసి తనూ అలాగే తోశాడు. మళ్ళీ చూపించమన్నాడు. ఆ బల్ల దగ్గర గంట సేపు ఉన్నాను. ఇంగువ ఉంటే బాగుండేదని మా ఆయన వెనక నుంచి తెలుగులో గొణుగుతూనే ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన అన్నం, పప్పు, దొండకాయ వేపుడు చేసి నా కంచం బల్లమీద పెట్టారు. తన కంచం పట్టుకుని, అలవాటుగా, టీవీ వైపు నడిచారు.

"ఎక్కడికి?" అన్నాను.

ఆగారు. "నువ్వే కదా..."

"ఇక్కడ కూర్చోండి."

కూర్చున్నారు. నేను పప్పు కలిపాను. మొదటి ముద్ద సరిగ్గానే వచ్చింది. రెండోది సగం కంచంలో రాలింది. ఆయన తల వంచుకుని తన అన్నం కలుపుతూనే ఉన్నారు. అందులో ఇంక కలపడానికి ఏమీ లేదు.

"చూస్తే చూడండి, పర్లేదు," అన్నాను.

తలెత్తారు. నేను మూడో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని నమిలి మింగేదాకా చూశారు, చేతిలో తన ముద్ద అలాగే ఉండిపోయింది.

"తినండి," అన్నాను. "చల్లారిపోతోంది."