నాలుగూ వేయించానని చెప్పాను

మంగళవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో గ్లవ్స్ తీసి ఫోన్ చూస్తే మా చర్చి వాట్సాప్ గ్రూపులో పాస్టర్‌గారి మెసేజ్ ఉంది. ఆంటీ ప్రభువునందు నిద్రించారని. దాని పైనే పొద్దున్న ఆంటీ పెట్టిన వాయిస్ మెసేజ్ ఉంది. "బ్రిడ్జిల మీద మంచు పట్టిందమ్మా, ఆఫీసులకెళ్ళేవాళ్ళు మెల్లగా వెళ్ళండి" అని. రెంటికీ మధ్య ఎవరూ ఏమీ రాయలేదు. నేను ఆ రెండు మెసేజీలనూ కిందికీ పైకీ జరుపుతూనే ఉన్నాను.

ఎలా జరిగిందో తర్వాత ఆంటీ వాళ్ళాయన, అంకుల్ చెప్పారు. ఆంటీ పొద్దున్న ట్రిప్పు పూర్తి చేసి, పిల్లలందర్నీ స్కూల్ దగ్గర దింపి, బస్సు యార్డులో పెట్టి, తాళాలు అప్పజెప్పి ఇంటికొచ్చారట. సోఫాలో కూర్చుని టీ అడిగారట. అంకుల్ టీ తెచ్చేసరికి గుండె ఆగిపోయింది.

నాకు ఆవిడ బంధువేమీ కాదు. బాతెల్ అనే ఈ ఊళ్ళో మా తెలుగు చర్చిలో అందరికీ ఆంటీయే. భీమవరం దగ్గర పల్లెటూరు నుంచి వచ్చి, పదకొండేళ్ళుగా ఇక్కడ స్కూల్ బస్సు నడిపారు. మా చర్చిలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు, నాలాంటి ల్యాబ్ వాళ్ళు బోలెడుమంది ఉన్నారుగానీ అంత పెద్ద బండి తోలేది ఆవిడొక్కరే. ఆదివారం ఆరాధనకి వచ్చినా ఆవిడ కళ్ళు పార్కింగ్ లాట్‌లోనే ఉండేవి. ఎవరి బ్రేక్ లైటు వెలగట్లేదో, ఎవరి టైర్లో గాలి తగ్గిందో లోపలికొచ్చి వాళ్ళ చెవిలో చెప్పేవారు.

శనివారం సమాధి కార్యక్రమంలో అందరూ లేచి ఆవిడ గురించి ఒక్కో మాట చెప్పారు. నేను లేవలేకపోయాను. చెప్పాల్సింది ఆవిడ నాకు చేసిన మేలు కాదు, నేను ఆవిడకి చేసిన పని. ఆ సంగతి ఆంటీ ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పకపోతే ఇక ఎవరికీ తెలియదు.

నా మొదటి కారు నిరుడు సెప్టెంబరులో కొన్నాను, సెకండ్ హ్యాండ్‌ది. మా చర్చిలో ఎవరు కారు కొన్నా ఆరాధన అయ్యాక పార్కింగ్ లాట్‌లో ప్రార్థన చేయించుకోవడం అలవాటు. పాస్టర్‌గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. ఆంటీ మాత్రం ఆమేన్ అని ఊరుకోకుండా కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, నాలుగు టైర్ల మీదా చెయ్యి వేసి చూసి, అందరూ వింటుండగానే అన్నారు: "ప్రార్థన బాగుంది. నవంబరొచ్చేలోపు వింటర్ టైర్లు వేయించు."

"మన దగ్గర అంత మంచు పడదు కదా ఆంటీ?"

"నీకు డిసెంబర్లో కొండ దాటే పనుంది కదా. అక్కడ పడద్ది."

ఆ పని ఏమిటో చెప్పాలి. మా అక్క కొండలకి అవతల యాకిమాలో ఉంటుంది. అప్పుడు ఆరో నెల, డిసెంబర్లో కాన్పు. బావ వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్ళి, పాస్‌పోర్ట్ కాన్సులేట్‌లో ఉండిపోయి అక్కడే ఇరుక్కుపోయాడు. అమ్మకి విజిటర్ వీసా అపాయింట్‌మెంటే దొరకలేదు. నొప్పులొస్తే అక్క పక్కన ఉండడానికి ఈ దేశం మొత్తంమీద నేనొక్కదాన్నే. నాకేమో లైసెన్స్ వచ్చి అప్పటికి మూణ్ణెల్లు కాలేదు.

వేయిస్తానన్నాను. నిజంగానే వేయించాలనుకున్నాను. కానీ నా వీసా ఎక్స్‌టెన్షన్ అప్పటికి పెండింగ్‌లో ఉంది. అది తేలకుండా నేను ఏదీ పూర్తిగా కొనేదాన్ని కాదు. మంచం కొనకుండా పరుపు మాత్రం కొన్నాను, అది నేల మీదే ఉండేది. సోఫా లేదు, మడత కుర్చీలు రెండు. అదే లెక్కన టైర్లు కూడా. మా ఫ్రెండ్స్ గ్రూపులో అడిగితే ఒకబ్బాయి వెంటనే చెప్పాడు: "ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా, ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే. రెండు చాలు." నలుగురు బొటనవేలు ఎమోజీలు పెట్టారు. ఆ వారమే ఉద్యోగం పోయి ఇండియా వెళ్ళిపోతున్న ఒకతను సామాన్లన్నీ అమ్మేస్తూ, రిమ్ములతో సహా రెండు వింటర్ టైర్లు ఉన్నాయని పెట్టాడు. సరిగ్గా నా కారుకి సరిపోయేవి. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో జాకీ ఎత్తి అతనే ముందు రెండూ బిగించి వెళ్ళాడు. షాపుకి వెళ్ళి ఉంటే నాలుగూ అయితే తప్ప వెయ్యం అనేవాళ్ళని నాకు తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం చర్చి వంటగదిలో ఆంటీ గిన్నెలు తుడుస్తూ అడిగారు. "టైర్లు వేయించావా?"

"వేయించాను ఆంటీ."

"నాలుగూనా?"

"నాలుగూ."

రెండే అంటే క్లాసు పీకుతారని. అంతే. ఆంటీ "మంచి పని చేశావు" అని నా చేతికి పొడిబట్ట ఇచ్చారు.

నవంబరు చివరి ఆదివారం, ఆరాధన మొదలై పాటలు పాడుతుండగా అక్క ఫోన్ చేసింది. ఉమ్మనీరు పోయిందట. ఇంకా మూడు వారాలు టైముంది. "నువ్వొస్తావు కదే?" అంటోంది, ఇంకేం మాట్లాడలేకపోతోంది. నేను కారు తాళాలు తీసుకుని బయటికొస్తే ఆంటీ నా వెనకే వచ్చారు. విషయం విని నా మొహం వంక చూసి, తాళాలకి చెయ్యి చాపారు.

"నువ్వు తోలలేవు. నేను తోలతాను. మా వ్యాన్‌కి వింటర్ టైర్లు వచ్చే శనివారానికి గానీ కుదర్లేదు. నీ కారుకి నాలుగూ ఉన్నాయిగా, ఇందులోనే పోదాం పద."

అప్పుడు చెప్పాల్సింది. చర్చి లోపల కొండల మీదికి వెళ్ళగలిగే పెద్ద కార్లు ఉన్నవాళ్ళు కనీసం ఆరుగురున్నారు. ఒక్క మాట చెబితే అయిదు నిమిషాల్లో వేరే కారు దొరికేది. సిగ్గేసింది. తాళాలు ఆవిడ చేతిలో పెట్టాను.

బస్సు తోలేవాళ్ళు రోజూ బండి చుట్టూ తిరిగి చూడందే సీట్లో కూర్చోరు. ఆంటీ తన వ్యాన్‌కి కూడా అదే చేసేవారు. ఆ రోజు కుండపోతగా వాన, తొందర. నా కారు చుట్టూ తిరగలేదు. నా మాట నమ్మి ఎక్కి కూర్చున్నారు.

కొండ ఎక్కేదాకా వానే. పైకి వెళ్ళేకొద్దీ అది మంచుగా మారింది. రోడ్డు మీద గీతలు కనబడడం మానేశాయి. ఆంటీ కుడి లేన్‌లో మెల్లగా పోతున్నారు, పెదాల మీద చర్చిలో సగంలో ఆగిపోయిన పాట. నేను పక్కన కూర్చుని ఆవిడ చేతుల్నే చూస్తున్నాను. ప్రతి మైలుకీ ఇప్పుడు చెబుదాం, ఇప్పుడు చెబుదాం అనుకుంటున్నాను. ఒకచోట నోరు తెరిచాను కూడా. "ఆంటీ..." అన్నాను. "భయపడకమ్మా, టైర్లు బాగా పట్టుకుంటున్నాయి" అన్నారు.

కొండ దిగేటప్పుడు సరస్సు పక్కన మలుపులో ముందు కారు బ్రేక్ లైట్లు వెలిగాయి. ఆంటీ యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీశారు. ముందు చక్రాలు పట్టుకున్నాయి, వెనక భాగం పట్టుకోలేదు. కారు తోక ఎడమకి జారిపోయింది. ముందు అద్దంలో రోడ్డుకి బదులు కొండ కనబడింది.

"బ్రేక్ ఆంటీ, బ్రేక్!"

"అరవకు."

ఆవిడ బ్రేక్ తొక్కలేదు. స్టీరింగ్ ఎడమకి తిప్పారు, కారు ఒక్క క్షణం నిటారైంది, మళ్ళీ తోక కుడికి జారింది. వెనక నుంచి పెద్ద ట్రక్కు హారన్ ఆపకుండా మోగుతోంది. నేను కళ్ళు మూసుకున్నాను. మెత్తటి దెబ్బ తగిలింది. కళ్ళు తెరిస్తే రోడ్డు పక్కన పోగేసిన మంచు గుట్టలో అడ్డంగా ఆగి ఉన్నాం. ట్రక్కు మమ్మల్ని దాటిపోయింది. ఆ గాలికి కారంతా ఊగింది.

ఆంటీ "స్తోత్రం" అన్నారు. తర్వాత దిగి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఆ మంచులో కారు చుట్టూ నడిచారు. వెనక టైరు దగ్గర వంగి బొటనవేలు గాడిలో పెట్టి చూశారు. రెండో వైపు కూడా చూశారు. వచ్చి కూర్చుని తలుపేసుకున్నారు.

"నాలుగూ వేయించానన్నావు కదమ్మా."

"ముందు రెండే ఆంటీ. మీరు తిడతారని భయమేసి..."

ఆంటీ మంచు అంటిన బొటనవేలు కొంగుకి తుడుచుకున్నారు.

"నాకు భయపడితే పర్లేదు. కానీ స్టీరింగ్ నా చేతికిచ్చేటప్పుడు చెప్పాలమ్మా."

నేను ఏడుపు మొదలెట్టాను. "యాకిమా వెళ్ళి ఏడుద్దువుగానీ, బెల్టు పెట్టుకో" అన్నారు. అప్పుడే అక్క ఫోన్. నేను ఏడుస్తున్నానని ఆంటీయే తీశారు. "వచ్చేస్తన్నామమ్మా, కొండ దిగిపోయాం. నువ్వు ఊపిరి తీసుకో" అన్నారు. కొండ ఇంకా సగం ఉంది. ఆవిడ అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

హజార్డ్ లైట్లు వేసుకుని, నడిచిపోయేవాళ్ళంత మెల్లగా దిగాం. సాయంత్రానికి మేనకోడలు పుట్టింది. నేను కౌంటర్ దగ్గర ఫారాలు నింపుతుంటే లోపల అక్క చెయ్యి పట్టుకుని ఉన్నది ఆంటీయే.

మర్నాడు బస్సుకి సెలవు పెట్టి, నన్ను అక్కడే ఒక టైర్ల షాపుకి తీసుకెళ్ళారు. షాపతను మేకులున్న టైర్లు చూపించాడు. ఆంటీ నన్నే అడిగారు, నువ్వు ఎక్కడెక్కడ తిరుగుతావని. తెల్లారకుండా ల్యాబ్‌కి, ఎక్కువగా వానలోనే అన్నాను. "అయితే మేకులొద్దు, తడి తారు మీద పట్టు తగ్గుద్ది" అని, టైరు అంచు మీద చలి టైరు గుర్తుగా మూడు శిఖరాల మధ్య మంచురేకు బొమ్మ ఉన్నవాటిని చూపించారు. నా వేలు తీసి పాత టైరు మీద నొక్కించారు, తర్వాత కొత్తదాని మీద. పాతది చలికి బిగిసిపోయి ఉంది. కొత్తది మెత్తగా లోపలికి దిగింది. "చలికి రబ్బరు చద్ది రొట్టెలా గట్టిపడిపోద్ది. అందుకే ఇవి. నాలుగూ ఒకే రకం ఉండాలి."

"నా ఎక్స్‌టెన్షన్ రాకపోతే ఆంటీ? రెండు నెలల్లో వెళ్ళిపోవాల్సొస్తే?"

"ఆ రెండు నెలలూ రోడ్డు మీదేగా ఉంటావు" అన్నారు. ఆ మాట మీద నాలుగూ కొత్తవి వేయించాను, తర్వాత మంచం కూడా కొన్నాను.

ఆ తర్వాత ఎప్పుడు నా కారెక్కినా ఆవిడ ముందు చుట్టూ తిరిగేవారు. నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. ఒకసారి ఉండబట్టలేక "ఇంకా నమ్మరా ఆంటీ?" అని అడిగేశాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. "నేను బస్సుకీ తిరుగుతాను, దాన్ని నమ్మకనా?" అన్నారు. నన్ను ఎప్పుడో క్షమించేశారు. నన్ను నేనే క్షమించుకోలేకపోయాను.

ఏప్రిల్‌లో టైర్లు మార్పించాక, నా అపార్ట్‌మెంట్‌లో చోటు లేదని చలి టైర్లు నాలుగూ తన గరాజ్‌లో పెట్టించారు. సండే స్కూల్ పసుపు సుద్దముక్కతో ఒక్కోదాని మీదా ఏదో రాస్తుంటే చూశాను. ఈసారి ముందున్నవి వచ్చే చలికి వెనక్కి వెళ్ళాలట, వెనకవి ముందుకి.

"వచ్చే చలికి నేనుంటానో లేదో ఆంటీ."

"నువ్వు లేకపోతే ఇంకెవరో వేసుకుంటారు. రాసిపెడితే పోయేదేముంది?"

సమాధి దగ్గర్నుంచి వచ్చాక అంకుల్ నన్ను గరాజ్‌లోకి పిలిచారు. "నీవి తీసుకెళ్ళమ్మా. ఈ వారం పెట్టించాలని మొన్నంతా అంటూనే ఉంది" అన్నారు. సంచులు విప్పితే నాలుగింటి మీదా ఆవిడ గుండ్రటి తెలుగు అక్షరాలు. ఎడమ ముందు. కుడి ముందు. ఎడమ వెనక. కుడి వెనక.

సోమవారం షాపులో కుర్రాడు ఆ రాత ఏమిటో అర్థంకాక తడిగుడ్డతో తుడవబోయాడు. "తుడవకు" అన్నాను, కొంచెం గట్టిగానే. ఒక్కోటీ చదివి చెబితే అతను అలాగే బిగించాడు. బయట సన్నగా వాన మొదలైంది. తాళాలు చేతిలో పట్టుకుని కారు చుట్టూ ఒక చుట్టు తిరిగాను. నాలుగింటి మీదా చెయ్యి వేశాను. మెత్తగా ఉన్నాయి. చివర ఎడమ ముందు టైరు దగ్గర నిలబడిపోయాను. అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. చినుకు పడ్డ చోటల్లా సుద్ద కరిగి, నల్ల రబ్బరు మీంచి పసుపు నీళ్ళు కిందికి కారుతున్నాయి.